తాత్కాలికం

అంతరిక్ష ఓడ కొత్త డిస్కులో, పనుల నేర్పంతా ఉండే మూలానికి ముప్ఫై పాళ్లు ఇచ్చింది భ్రమర. మార్పిడికి ఎనిమిది. చిట్టాలకు విడిగా ఐదు. అవి మూలంలోనే ఉంటే పెరిగి పెరిగి ఓడకే ఊపిరాడకుండా చేస్తాయి. మిగిలినది దాదాపు అంతా మనుషుల జ్ఞాపకాలకు నివాసం. అధికారులకూ, వైద్యులకూ, డిస్కును పంచే తనలాంటి విభాజకులకూ తలా ఒక అర. చివర సన్నటి పట్టీ, తాత్కాలికం. వంటవాళ్లు అందులో.

శీతలనిద్రకు ముందు ఓడలో అందరి జ్ఞాపకాలనూ డిస్కులోకి దించుతారు, లేచాక తిరిగి ఎక్కిస్తారు. తాత్కాలికాన్ని మాత్రం ప్రతి నిద్రకూ కడిగేస్తారు. వంట మూలంలోనే ఉంది కనుక వాళ్ల చేతులకు ఏ ఇబ్బందీ లేదు. ముఖాలే కొత్త.

పాత డిస్కు అరిగిపోయింది. కొత్తదానిమీద విభజన ఈ పూటే రాయాలి. రాశాక ప్రయాణం ముగిసేదాకా గీతలు కదలవు. పాత విభజననే మళ్లీ దించేస్తే సరిపోయేది. భ్రమర చేయి తాత్కాలికం దగ్గర ఆగింది.

పొద్దున భోజనశాలలో, నలుగురి ముందు, భూమినుంచి తెచ్చుకున్న తన బెల్లం డబ్బా ఏదని వంట వరాలమ్మను నిలదీసింది. దొంగబుద్ధి అంది. వరాలమ్మ ఎవరూ అడగకుండానే ఏప్రాన్ జేబులు రెండూ బయటికి లాగి చూపించింది. ఒకదాంట్లోంచి కరివేపాకు రెబ్బ రాలింది.

మధ్యాహ్నం డబ్బా తన దిండు వెనకే దొరికింది. ఎలాగూ నిద్రతో పోతుందిగా, అనుకుంది భ్రమర. ఆ మాట తనకు ఎంత అలవాటుగా వచ్చిందో తెలిసేసరికి చెవులు వేడెక్కాయి. కిందటి మెలకువలో చారు చల్లారిందని గిన్నె తోసేసినప్పుడూ ఇలాగే అనుకుంది. తర్వాతిసారి లేచాక వరాలమ్మ నవ్వుతూ, ఉప్పు తక్కువ తింటావా ఎక్కువ తింటావా అని కొత్త మనిషిని అడిగినట్టు అడిగింది. ఆ నవ్వును తాను మన్నింపులాగా పుచ్చుకుంది.

భ్రమర తన అరను సగానికి కోసి, రెండో సగానికి వరాలమ్మ పేరు పెట్టింది.

వెనక నిలబడి చూస్తున్న పర్యవేక్షకుడు జోగారావు, సొంతిల్లు కోసిచ్చేంత బాగుందా ఆవిడ చారు, అని నవ్వాడు. ఆమె పొద్దుటి సంగతి చెప్పింది. ఆయన నవ్వు మానేశాడు.

"సరే, గీత గియ్యి. ఆవిడ అర తాళం మాత్రం ఇవాళ్టి జ్ఞాపకం కడిగాక తియ్యి. రేపట్నుంచీ దాచుకుంటుంది. నీ పరువూ దక్కుతుంది, ఆవిడకీ బాధుండదు."

ఎంత తేలిక. భ్రమరకు ఆ రాలిన రెబ్బ గుర్తొచ్చింది. దాన్ని వంగి తీసింది కూడా వరాలమ్మే.

"వద్దండీ. ఇవాళ్టిది కూడా ఆవిడదే."

కడగకముందే తాళం తీసి, విభజన రాసేసింది.

మళ్లీ మెలకువ వచ్చాక భోజనశాలలో వరుస కట్టారు. భ్రమర పళ్లెం చాచింది. వరాలమ్మ ఉప్పు సంగతి అడగలేదు. గరిటె గాలిలోనే ఆపి ఆమె ముఖంలోకి చూసింది.

"డబ్బా దొరికిందా అమ్మా?"

"దొరికింది. నా దిండు వెనకే ఉంది. తప్పు నాది."

వెనక వరుసలో ఎవరో పళ్లెం పట్టుకునే మెల్లగా వెనక్కి జరిగారు.

వరాలమ్మ తక్కువ ఉప్పు చారు ఆమె పళ్లెంలో పోసింది. గరిటె పక్కన పెట్టి, పొయ్యి దగ్గర కొత్తగా నవ్వుతున్న మిగతా ఇద్దరు వంటవాళ్లనీ పిలిచింది.

"ఇలా రండే. నిద్దరకి ముందు ఏటయిందో సెప్తాను."