చెయ్యి నాది, గాజులు మా కోడలివి

బొగ్గుగనిలో ఫస్ట్ షిఫ్టుకు పోయే భర్తకు సద్ది కట్టిచ్చి, నల్లా నీళ్లు పట్టి, బిడ్డను బడి ఆటో ఎక్కించాకగాని సంధ్యారాణికి తన పని ముందు కూర్చునే తీరిక దొరకలేదు. సెంటినరీ కాలనీలోని ఆ క్వార్టర్ వెనుక వాకిట్లో చాప పరిచి, పట్టుదారం ఉండలు, రాళ్లు, జిగురు డబ్బా ముందు పెట్టుకుంది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక మొదటి బతుకమ్మ. ఆ ఏడు ఆడవాళ్ల సంబరం అంతా ఇంతా కాదు. చీర రంగుకు తగ్గట్టు పట్టుదారం చుట్టిన గాజులు కావాలని కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి ఫేస్‌బుక్‌లో ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి.

"అత్తమ్మా, ఒక్కసారి చెయ్యి ఇయ్యున్రి."

"మల్లానా? నిన్ననే గద తీసినవ్!" అని విసుక్కుంటూనే కనకవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

రెండేళ్ల క్రితం 'సంధ్య గాజులు' అని పేజీ పెట్టినప్పుడు ఫోటోలకు ఎవరి చెయ్యి పెట్టాలో తోచలేదు. తన ఒక చేతిలో ఫోను ఉండాలి, రెండో చెయ్యి వంకరగా పడుతోంది. ఇంట్లో మరో ఆడమనిషి అత్తగారే. మొదట కనకవ్వ ఒప్పుకోలేదు. "మీ మామ పోయినంక నాకు రంగు గాజులేందే? ఎవలన్న చూస్తే నవ్విపోతరు" అంది. చివరికి ఎవరి కంటా పడకుండా వెనుక వాకిట్లో అయితే సరేనంది. నాట్లు వేసి, కలుపు తీసి గట్టిపడిన నల్లటి చెయ్యి. మణికట్టు మీద తులసికోట పచ్చబొట్టు. ఆ చేతి మీద ఎర్రగాజులు ఎంత కళగా ఉన్నాయో! చూసిన వాళ్లంతా గాజులతో పాటు ఆ చేతినీ మెచ్చుకున్నారు. ఫోటో అయిపోగానే కనకవ్వ మాత్రం గబగబా గాజులు తీసి కోడలి చేతిలో పెట్టేసేది.

ఆ ఉదయం కూడా అలాగే తీసి ఇచ్చి లోపలికి వెళ్లింది. అప్పుడే ఫోను మోగింది. వరంగల్ నుంచి ఒక టీచరమ్మ సందేశం. బిడ్డ పెళ్లికి పెద్ద ఆర్డర్ ఇచ్చిన మనిషి.

"మీరు వేరేవాళ్ల ఫోటోలు పెట్టి మోసం చేస్తున్నారని తెలిసింది. నా ఆర్డర్ రద్దు చేయండి."

సంధ్యారాణి ఆ సందేశాన్ని రెండోసారి చదివింది. పేజీ తెరిచి చూస్తే కింద ఇంకా ఉన్నాయి. "ఇవే గాజులు హైదరాబాద్ పేజీలో కొన్నాను. వారానికే రాళ్లూడిపోయాయి. మీరూ అదే ముఠానా?" అని ఒకావిడ. "దొంగ ఫోటోలు" అని ఇంకొకావిడ.

ఆవిడ చెప్పిన హైదరాబాద్ పేజీని వెతికి పట్టుకుంది. పేరు 'రాజసం కలెక్షన్స్'. అందులో ఉన్నవన్నీ తన ఫోటోలే. మూలన తన పేరున్నంత మేర కత్తిరించారు. తులసికోట పచ్చబొట్టు మాత్రం అలాగే ఉంది. "ఇవి నేను తీసిన ఫోటోలండీ, దయచేసి తీసేయండి" అని మర్యాదగానే రాసింది. జవాబు రాలేదు. కాసేపటికి ఆ పేజీయే ఆమెకు కనబడకుండా పోయింది. అవతలివాళ్లు ఆమెను బ్లాక్ చేశారు.

మధ్యాహ్నం జగదీశ్వర్ డ్యూటీ నుంచి రాగానే అతని ఫోనులో ఆ పేజీ తెరిపించింది. అడుగున ఆర్డర్లకు ఫోన్ చేయవలసిన నంబరు ఉంది. దాన్ని నొక్కగానే ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. ఆ నంబరు ఫోనులో 'అక్క' అని చూపిస్తోంది.

స్వరూప జగదీశ్వర్ తోడబుట్టిన అక్క. హైదరాబాద్‌లో బట్టల బొటిక్ నడుపుతోంది.

"తెలిసి కూడ నన్ను బ్లాక్ చేసింది" అంది సంధ్యారాణి.

జగదీశ్వర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "పండుగ ముంగట లొల్లి వద్దు సంధ్యా. రేపు అక్క వస్తనే ఉన్నది. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి. నా మొఖం చూసి ఊకో. కొన్ని దినాలు నీ పేజీ బందు పెట్టు. అందరు మరిచిపోతరు."

"దొంగతనం చేసింది ఒకలు, దుకాణం బందు పెట్టేది ఇంకొకలా?" ఆమె గొంతు హెచ్చింది. "నన్ను దొంగ అంటున్నరు! ఆమేమో మీ అక్క, మరి నేనెవ్వలిని మీకు?"

వంటింటి గడపలో కనకవ్వ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ చూడలేదు.

"ఏ అక్కరా? మన స్వరూపనేనా?"

కొడుకు తల వంచుకున్నాడు. కనకవ్వ లోపలికి వచ్చింది. ఫోను తీసుకుని అందులోని తన చెయ్యిని చూసి, తిరిగి ఇచ్చేసి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున స్వరూప దిగింది. చేతిలో మిఠాయి డబ్బా, మేనకోడలికి కొత్త గౌను. గౌను తొడుక్కుని పిల్ల ఆడుకోవడానికి పరుగెత్తింది. స్వరూప చాయ్ తాగింది. ఖాళీ కప్పు కింద పెట్టగానే కనకవ్వ కొడుకు ఫోను తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"ఇది ఎవ్వల చెయ్యి బిడ్డా?"

స్వరూప మొహంలో రంగు మారింది. అయినా తడబడలేదు.

"నీ చెయ్యే అవ్వా. మా అవ్వ చెయ్యి నేను పెట్టుకుంటే తప్పేంది? కోడలికున్న హక్కు కన్నబిడ్డకు లేదా?"

"చెయ్యి నాదే. గాజులు ఎవ్వలవి?"

"గాజులు ఎవలైనా చేస్తరు! బజార్ల దొరుకుతయి."

"బజార్ల దొరికినవే పంపినవు గద వదినా" అంది సంధ్యారాణి. "అందుకే రాళ్లూడినయి. వాళ్లు తిట్టేది నిన్ను గాదు, నన్ను. రెండేండ్ల సంది ఒక్క మాట పడకుంట చేసుకున్న పేరు."

"తమ్ముడా, నీ పెండ్లం ఎట్ల మాట్లాడుతున్నదో చూస్తున్నవా?"

జగదీశ్వర్ కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనం తనకే అండ అనుకుందేమో, స్వరూప లేచి నిలబడింది.

"నన్ను తప్పు అడుగుతున్నవు గని, నువ్వు చేసిందేంది? బాపు పోయినంక అవ్వ చేతికి రంగు గాజులు తొడిగి లోకమంత చూపెట్టి అమ్ముకుంటున్నవ్! నలుగురికి తెలిస్తే మా ఇంటి మర్యాద ఏమైతది?"

ఆ మాట సంధ్యారాణికి తగలవలసిన చోటే తగిలింది. తాను నిజంగా తప్పు చేసిందేమోనని అత్తగారి వైపు భయంగా చూసింది.

కనకవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"మీ బాపు పోయిన పదోనాడు నన్ను కూసోబెట్టి ఈ చేతుల గాజులు పలగ్గొట్టిన్రు. పెంకులు గుచ్చుకొని నెత్తురచ్చింది. నొస్తుందా అని ఒక్కలన్న అడిగిన్రా? నువ్వు పక్కనే ఉంటివి బిడ్డా. నువ్వడిగినవా?"

కనకవ్వ కోడలి వైపు చెయ్యి చూపింది.

"ఈ పిల్ల గాజు ఎక్కిచ్చేటప్పుడల్లా అడుగుతది, అత్తమ్మా నొస్తుందా అని. తొడిగింది ఆమె గాదు. చెయ్యి సాపింది నేను. నాకు మంచిగనిపిచ్చింది, అందుకే సాపిన. నువ్వొచ్చి అడిగితె నీకు గూడ సాపుదును. అవ్వ చెయ్యి బిడ్డకు లేకుంట పోతదా? గని ఆ గాజులు దాని రెక్కల కష్టం. దాన్ని ఊరంత దొంగ అంటుంటే నువ్వు తలుపేసుకున్నవ్."

దూరంగా బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగు జరిగి కిటికీ రెక్కలు గిలగిలలాడాయి. జగదీశ్వర్ కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు.

"అక్కా, నిన్న నేనే సంధ్యను పేజీ బందు పెట్టమన్న. నీ మీది పాణంతోని అన్న. తప్పు మాట అన్న." అక్క ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నువ్వు నన్ను ఎత్తుకొని పెంచినవు, నేను మరువ. గని ఇది ఆమె కష్టం. దీన్నెట్ల సరిజేస్తవో నువ్వే చెప్పు."

స్వరూప కుర్చీలో కూలబడింది. మొదట కోపంగానే ఏడ్చింది. తర్వాత ఆ కోపం కూడా కరిగిపోయింది.

"బొటిక్ నడుస్తలేదు అవ్వా. ఎవ్వలకు చెప్పుకోలే. ఏం పెట్టినా ఎవ్వలు చూడకపోయిరి. ఈ ఫోటోలు పెట్టినంక ఫోన్లు మోగుడు మొదలైంది. ఈ ఇంట్ల ఏది కావాల్నన్నా అందరు నన్నే అడిగేది. పోయి మరదలిని అడుగుడు నాతోని కాలే. నామోషీ అనిపిచ్చింది."

సంధ్యారాణి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇచ్చాక పక్కనే కూర్చుంది కానీ మాట మాత్రం మెత్తబరచలేదు.

"ఫోటోలు తీసేస్తే అయిపోదు వదినా. నన్ను దొంగ అన్నోళ్లందరు చదవాలె."

స్వరూప అక్కడే ఫోను తీసింది. ఒక్కొక్క ఫోటో తీసేసి, ఆ గాజులు తన మరదలు సంధ్యారాణి చేసినవని, అడగకుండా వాడుకుని తప్పు చేశానని, నాసిరకం గాజులు అందుకున్న వాళ్లందరికీ డబ్బు తిరిగి ఇస్తానని రాసింది. పంపే ముందు చదివి వినిపించింది. వరంగల్ టీచరమ్మకు తనే ఫోన్ చేసింది. అవతల ఆవిడ చాలా సేపు కోప్పడింది. స్వరూప ఎదురు చెప్పకుండా అన్నీ విన్నది. సాయంత్రానికి టీచరమ్మ నుంచి సంధ్యారాణికి సందేశం వచ్చింది. తొందరపడి మాట అన్నందుకు ఏమీ అనుకోవద్దని, ఆర్డర్ అలాగే ఉంచమని.

"కావాల్నంటే చాప మీద కూసో వదినా, నేర్పుత" అంది సంధ్యారాణి. "నువ్వు చేసిన గాజులకు నువ్వే ఫోటో తీసుకో."

స్వరూప కళ్లు తుడుచుకుని చాప మీదికి జరిగింది. మొదటి గాజుకు దారం వంకరగా చుట్టింది. కనకవ్వ చూసి, "బట్టలు కుట్టేదానివి, ఇదేం చుట్టుడే!" అంది. నిన్నటి నుంచి బిగుసుకుపోయిన ఆ ఇంట్లో అప్పుడు నవ్వు వినిపించింది.

పండుగ చివరిరోజైన సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మను సంధ్యారాణి ఎత్తుకోబోతుంటే కనకవ్వ పిలిచింది.

"ఆ ఎర్రగాజులు ఇటు తే."

"ఫోటో తీయాల్నా అత్తమ్మా? చీకటైతున్నది."

"ఫోటో ఏందే. ఏసుకొని వస్త."

కోడలు, కూతురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్వరూపే ముందు కదిలింది. తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ గట్టి వేళ్లను దగ్గరికి నొక్కి, ఒక్కొక్క గాజే మెల్లగా ఎక్కించింది. ఆమె కన్నీళ్లు తల్లి మణికట్టు మీద పడ్డాయి.

కాలనీ మైదానంలో ఆడవాళ్లు వలయాలుగా నిలబడి ఉన్నారు. కనకవ్వ చేతులు దాచుకోకుండా నడిచి వచ్చి నిలబడింది. పక్కవీధి సమ్మవ్వ నొసలు ముడిచింది.

"కనకవ్వా, చేతులకేందే గవి?"

చుట్టూ పాట ఆగింది. కనకవ్వ రెండు చేతులూ పైకెత్తింది.

"కనవడ్తలేదా? గాజులు! మా కోడలు చేసింది. వీటి ఫోటోలు హైదరాబాదుల గూడ ఎత్తుకపోయిన్రు, ఎరికేనా!"

వెనుక నిలబడ్డ స్వరూప సిగ్గుతో, నవ్వుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో ఫక్కున నవ్వారు. పాట మళ్లీ అందుకున్నారు. సమ్మవ్వ మాత్రం పాడలేదు. కాసేపు అక్కడే తచ్చాడి, సంధ్యారాణి పక్కకు వచ్చి, భర్త పోయినప్పటి నుంచి ఏళ్ల తరబడి బోసిగా ఉన్న తన చేతిని కొంగు చాటు నుంచి మెల్లగా బయటికి తీసింది.

"నా చేతికి పట్టేటివి ఉంటయా బిడ్డా?"

 సంధ్యారాణి బతుకమ్మను స్వరూప చేతికిచ్చి, సమ్మవ్వ చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుని కొలత చూసింది.