గోడ మీద తలకిందుల వీధి

"నీ బొమ్మలాటలతో మా అమ్మకి పిచ్చెక్కించావు! ఆవిడకేమన్నా అయితే ఈ ఇంట్లో నీకు చోటుండదు, చెప్తున్నా!"

భర్త క్యారేజీ కూడా అందుకోకుండా విసురుగా డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి కళ్ళు ఒత్తుకుంది. ఏం చెయ్యగలదు... నర్సరీ బడిలో టీచరు ఆమె. చెప్పుల డబ్బాలు, చాక్లెట్ రేకులు, గుండుసూదులతో పిల్లలకు వింతలు చేసి చూపించడం అలవాటు. కూతురు పోయినప్పటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా మంచానికి అతుక్కుపోయిన అత్తగారికి కాస్త కాలక్షేపంగా ఉంటుందని, ఆ గది కిటికీకి నల్ల చార్టు అంటించి, మధ్యలో రేకుముక్క పెట్టి, పెన్సిలు మొనతో ఒక కన్నం పొడిచింది. ఎదురుగోడకు తెల్లదుప్పటి కట్టింది. అంతే! బయటి వీధి రంగులతో సహా తలకిందులుగా దుప్పటి మీద వాలింది. సైకిళ్ళు చక్రాలు పైకెత్తుకుని పోయాయి. అత్తగారు ఎన్నాళ్ళకో నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంత మురిసిపోయింది, పిచ్చితల్లి!

దుప్పటి కట్టిన మర్నాడు మధ్యాహ్నం దాని మీద, గేటు దగ్గర, ఒక ఆడమనిషి కనిపించింది. తల కిందికి, కాళ్ళు పైకి. అడుగు కదపదు. ముఖం మసక మసక. అత్తగారు మంచం అంచు నుంచి తల వేలాడేసి, ఆ మనిషిని నిటారుగా చూసి కెవ్వుమంది.

"బుజ్జే! నా బుజ్జే వచ్చింది!"

ఎలా వస్తుంది? కవలల్లో పెద్దది బుజ్జి. జ్వరంతో పోయింది. రెండోది చిట్టి బతికే ఉంది గానీ ఈ గడప తొక్కదు. శవం పక్కనే తల్లి దాన్ని పట్టుకుని, "దాని బదులు నువ్వు పోయినా బాగుండేదే!" అంది మరి! ఏ కూతురు తట్టుకుంటుంది?

"చిట్టేమో అత్తయ్యా..."

"నాకు తెలీదా? చిట్టిది ఎడమచేతి వాటం, ఎంత కొట్టినా మానలేదు. ఇదేమో కుడిచేత్తో జుట్టు తోసుకుంటోంది. బుజ్జే!"

కోడలు పరుగున వెళ్ళి వీధి తలుపు గడియ తీసింది. గేటు దగ్గర పురుగు కూడా లేదు!

అప్పటి నుంచి రోజూ అదే వరస. ఎండ ముదిరే వేళకు ఆ మనిషి దుప్పటి మీదికి వస్తుంది. గడియ తీస్తే ఉండదు. అత్తగారు గోడతో కబుర్లు చెబుతుంది, కంచం తోసేస్తుంది. "ఒక్కతీ ఉండలేక పిలుస్తోందే అమ్మాయ్... నేనూ దానితో పోతాను" అంటుంది సంబరంగా. నల్లకాగితం పీకబోతే కోడలి చెయ్యి కొరికింది! ఇప్పుడు మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు.

ఈ రోజు కూడా ఆ మనిషి వచ్చేసింది. "ఒక్క గుక్క అత్తయ్యా..." అని బతిమాలి బతిమాలి, విసిగి, కోడలు కూడా మంచమెక్కి అత్తగారి పక్కనే తల వేలాడేసింది. వీధి నిటారుగా నిలబడింది. ఆ మనిషి వెనకాల ఎదురు షాపు బోర్డు. రోజూ చూసే పెద్ద ఎర్రక్షరాలే... ఒక్కటీ చదవడానికి రాలేదు. అద్దంలో చూసినట్టు అన్నీ అటుదిటు తిరిగి ఉన్నాయి!

"అత్తయ్యా! బోర్డు చూడండి... కుడి ఎడమైపోయింది! చేతులూ అంతే! అది ఎడమచెయ్యి... మన చిట్టి!"

"నోర్ముయ్!" ముసలామె కసిరింది. బోర్డునూ మనిషినీ మార్చి మార్చి చూసింది. "అయితే... బుజ్జి రాలేదా? ఇంక రాదా?"

"రాదత్తయ్యా..."

ఆ మాట చెప్పాల్సిన గతి పగవాళ్ళకు కూడా వద్దు! కూతురు రెండోసారి పోయినట్టు ఆ తల్లి కుమిలి కుమిలి ఏడ్చింది. కోడలు తలుపు వైపు లేవబోతే మణికట్టు పట్టుకుంది.

"గడియ తియ్యకు, మళ్ళీ పోతుంది. నన్ను లేపు."

గోడ పట్టుకుని కిటికీ దాకా నడిచి, కన్నానికి పెదాలు ఆనించింది. దుప్పటి మీద వీధి మాయమైంది. గదంతా చీకటి.

"చిట్టీ... అమ్మనే. నువ్వేనని ఎడమచెయ్యి చూసి పోల్చుకున్నానే. పాపిష్టిదాన్ని, అనరాని మాటన్నాను... లోపలికి రా తల్లీ!"

ఆమె పక్కకు తప్పుకోగానే వీధి మళ్ళీ వచ్చింది. గేటు దగ్గర ఎవరూ లేరు! ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. అంతలో తలుపు చప్పుడైంది. కోడలు పరుగున వెళ్ళి గడియ తీసింది.

"అమ్మ ఎలా ఉందోనని వచ్చేదాన్ని వదినా... గడియ చప్పుడు వింటే అన్నయ్యేమో, తిడతాడేమోనని భయమేసి సందులోకి పారిపోయేదాన్ని" అంది చిట్టి, గది గుమ్మంలోనే ఆగి.

తల్లి, ఒకప్పుడు తను వాతలు తేలేలా కొట్టిన ఆ ఎడమచేతిని తీసుకుని కళ్ళకద్దుకుంది.

"కంచం తేవే అమ్మాయ్... ఇది తినిపిస్తుంది. ఈ చేత్తోనే."

చిట్టి ఏడుస్తూ ఎడమచేత్తో ముద్ద కలిపింది. తల్లి నోరు తెరిచింది. వెనక దుప్పటి మీద ఖాళీ గేటు తలకిందులుగా వేలాడుతూనే ఉంది. ముద్ద మింగుతూ ఆమె ఒక్కసారి అటు చూసి, కళ్ళు తిప్పుకుని, "ఇంకోటి పెట్టు చిట్టీ" అంది.