మూసిన కొట్లో దగ్గు

ఆ సందు చివరి కొట్టు ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. తప్పనిసరై వెళ్ళినా, మొహం అవతలి గోడకేసి తిప్పుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్తారు. ఎందుకంటే… ఆ కొట్టు దగ్గుతుంది.

నవ్వకండి. షట్టరు దించి, తాళాలు వేసి, లోపల పురుగైనా లేనప్పుడు — లోపల్నుంచి దగ్గు వినబడుతుంది. ముందు చిన్నగా 'టింగ్' అని ఒక చప్పుడు. తరవాత ఊపిరి. ఆ తరవాత దగ్గు. మొదట విన్నది గడియారాల రిపేరాయన. ఇంట్లో ఆవిడకి తప్ప దేనికీ భయపడే మనిషి కాదాయన. అలాంటిది మర్నాడు టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని, సగం టీ చొక్కా మీదే పోసుకున్నాడు.

"మనిషి దగ్గే… నాకు తెలిసిన దగ్గే…"

ఎవరిదని ఎవరూ అడగలేదు. సందులో అందరికీ తెలుసు. అది బావ దగ్గు.

బావంటే ఆ కొట్టు పెట్టినాయన. పాత చెక్క రేడియోలు తెచ్చి, లోపల తుప్పుపట్టిన సరుకంతా పీకేసి, అరచేతిలో పట్టే బుల్లి లినక్స్ కంప్యూటరొకటి బిగించేవాడు. ఫోన్లో పాట పెడితే చాలు, తీగన్నది లేకుండా ఆ ముసలి పెట్టె గొంతెత్తి పాడేది. ఆయన భార్య తమ్ముడు పక్కనే ఉండి పని చేసేవాడు. వాడు పొద్దస్తమానం "బావా, బావా" అంటుంటే సందంతా ఆయన్ని బావనే అనడం మొదలెట్టింది. ఆయన అందరికీ బావైతే మరి వీడేమవుతాడు? బామ్మర్ది. పాలప్యాకెట్లు వేసేవాడు కూడా వాణ్ణి "ఏం బామ్మర్దీ" అనే పలకరిస్తాడు. వాడికి ఒళ్ళు మండేది గానీ, మండి ఏం లాభం?

పని నేర్పింది బావే. పెట్టెకి తీగ లేని హెడ్‌సెట్ కలపడం నేర్పిన రోజు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కొడుతూ ఇలా అన్నాడు.

"ఒరేయ్, వెతకమంటే వెతుకుతుంది. జత కట్టమంటే కడుతుంది. అంతటితో వదిలేశావో, మర్నాడు నువ్వెవరన్నట్టు చూస్తుంది. 'వీడు మనవాడే, ఎప్పుడొచ్చినా అడక్కుండా తలుపు తియ్యి' అని ఇంకో మాట చెప్పాలి. ఆ మాట మర్చిపోకు."

తన హెడ్‌సెట్‌నే ముందుగదిలోని పెద్ద పెట్టెకి అలా కలిపి పెట్టుకున్నాడు. దాని మైకులో "హలో… వినబడుతోందా?" అంటే, పెట్టె ఒక్క రెప్పపాటు ఆగి "వినబడుతోందా?" అనేది. పిల్లలు గుమిగూడి కేరింతలు కొట్టేవాళ్ళు. "తీగ లేని గొంతు ఎప్పుడూ ఒక రెప్పపాటు ఆలస్యంరా, దీనికింతే రోగం" అని విసుక్కునేవాడు బావ. ఇంకొకటి కూడా చెప్పేవాడు — పెట్టెకి కరెంటు పుటుక్కున తీసెయ్యకు, లోపలి మెమరీ కార్డు పాడైపోతే మళ్ళీ లేవదు. అందుకే ఆ పెద్ద పెట్టె రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. బావ వెళ్ళిపోయాక కూడా దాన్ని ఆపే ధైర్యం బామ్మర్దికి లేకపోయింది. ఆరిపోతే మళ్ళీ బతికించడం వాడికి చేతకాదు.

బావ ఎందుకు వెళ్ళిపోయాడంటారా? అక్కడే ఉంది అసలు సంగతి.

రిటైరైన మేష్టారొకాయన తన తండ్రిగారి రేడియో తెచ్చిచ్చాడు. బావ దాని మీద కళ్ళు కాయలు కాచేలా పని చేశాడు. ఇచ్చే రోజు పొద్దున బామ్మర్ది తొందరలో ఉన్నాడు. బుల్లి కంప్యూటరుకి చిన్న అడాప్టరు, స్పీకరు బోర్డుకి పెద్ద అడాప్టరు. రెండిటి పిన్నూ ఒక్కటే. ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, దీనిది దానికీ దానిది దీనికీ గుచ్చేశాడు. మేష్టారు మురిసిపోతూ స్విచ్చి వేశాడు. పొగ. చూస్తుండగానే పెట్టె వెనకభాగమంతా నల్లగా కమిలిపోయింది. ఆ పెద్దాయన చెయ్యి పెట్టె మీద వేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎవరయ్యా… ఎవరు బిగించారు దీన్ని?"

బామ్మర్ది నోరు వాడికంటే ముందే పలికింది. "బావేనండీ."

బావ వాడివైపు ఒకసారి చూశాడు. "అవునండీ, నాదే పొరపాటు" అన్నాడు.

అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. వచ్చిన ప్రతివాడితోనూ బామ్మర్ది, "పాపం బావకి చూపు ఆనట్లేదండీ, చెయ్యి కూడా వణుకుతోంది, ఇక నుంచి అన్నీ నేనే చూస్తా" అన్నాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో నాలుగు కట్టెలు ఆనించాలి కదా! ఆ మాట ఊళ్ళో ఒక్క రిపేరు కొట్టూ మిగలకుండా పాకింది. కొన్నాళ్ళకి బావ తాళంచెవి బల్ల మీద పెట్టి, "కొట్టు పేరు పోకూడదురా" అని వెళ్ళిపోయాడు. అక్క ఇంటికి తాళం వేసి పొరుగూళ్ళో చిన్నమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇద్దరూ వీడి ఫోను ఎత్తరు. బావ ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో కూడా తెలీదు.

బామ్మర్ది బోర్డు మీద బావ పేరు చెరిపించాడు. వెనకగదిలో బావ బల్ల చూడలేక దాని మీదా, దాని పక్కనున్న పెరటి తలుపుకి అడ్డంగానూ ఖాళీ అట్టపెట్టెలు పేర్చేశాడు. ఆ వెనక సందు మొహం మళ్ళీ చూడలేదు. చేతులు కడిగేసుకున్నాననుకున్నాడు. అదిగో, సరిగ్గా అప్పుడే కొట్టు దగ్గడం మొదలెట్టింది.

ఆ దగ్గు సంగతి విన్నప్పట్నుంచీ వాడికి అన్నం సయించలేదు. బావ ఎక్కడో దిక్కులేని చావు చచ్చాడు. చచ్చి, కొట్టుకే వచ్చాడు. చంపింది నేనే… అదొక్కటే మాట బుర్రలో తొలిచేస్తోంది.

చివరికి కొట్టు అద్దెకిచ్చిన ఓనరు పిలిచి, "బామ్మర్దీ, అదేమిటో తేల్చు. లేదా కొట్టు ఖాళీ చెయ్యి" అన్నాడు. తాళం వేసి ఉంటేనే దగ్గుతుంది కాబట్టి, వీణ్ణి లోపల పెట్టి బయట తాళం వెయ్యాలని తీర్మానించారు. తాళంచెవి టీ కొట్టాయన చేతిలో. గడియారాలాయన, ఓనరు, టీ కొట్టాయన — ముగ్గురూ రోడ్డుకి అవతల కాపలా. "భయమేస్తే కేకెయ్యి, మేమున్నాం" అన్నారు. అంత దూరంలో నుంచుని ఎంత ధైర్యం చెప్పారో!

షట్టరు దిగింది. తాళం పడింది. బామ్మర్ది గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఎదురుగా పెద్ద పెట్టె. దాని మీద చిన్న ఎర్రదీపం. సందులో అలికిడి తగ్గింది… ఒక్కొక్క కిటికీ మూసుకుంది…

టింగ్.

ఎర్రదీపం నీలంగా మారింది.

పెట్టెలోంచి ఊపిరి… బరువుగా, దగ్గరగా, పక్కనే ఎవరో కూర్చున్నట్టు. తరవాత దగ్గు. ముందు రెండు పొడిగా, చివరిది లాగి లాగి. బావ దగ్గే. అనుమానం లేదు.

"బావా…" అన్నాడు.

పెట్టె గొంతు సవరించుకుంది. "హలో… వినబడుతోందా?"

"వినబడుతోంది బావా…"

"తిన్నావా?"

అంతే. బామ్మర్దికి ఏడుపు తన్నుకొచ్చింది. బావ తను కంచం ముందు కూర్చునే ముందు రోజూ వీణ్ణి అడిగే మాట అది. చచ్చినా అదే అడుగుతున్నాడు! వాడు మోకాళ్ళ మీద పాక్కుంటూ పెట్టె దగ్గరికెళ్ళి, చెక్కకి నుదురానించి గుసగుసగా అన్నాడు. "నేనే బావా… ఆ అడాప్టరు గుచ్చింది నేనే. నీ పేరు చెప్పేశాను. నన్ను క్షమించు బావా…"

పెట్టెలోంచి ఊపిరి మాత్రం వస్తూ పోతూ ఉంది.

"నాకు తెలియదా… అప్పుడే తెలుసు" అంది. "వదిలెయ్ ఇంక…"

బామ్మర్ది వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అప్పుడు పెట్టె మళ్ళీ అంది —

"వాణ్ణేమీ అనకు. చిన్నవాడు… భయపడ్డాడంతే."

ఏడుపు ఠక్కున ఆగిపోయింది. వాణ్ణా? వాణ్ణంటే తనే కదా. మరి చెప్పేది… ఎవరికి? బామ్మర్ది మెల్లిగా మెడ తిప్పి గది నాలుగు మూలలూ చూశాడు. ఎవరూ లేరు. ఒంటి మీది వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఇంకొకరెవరో ఉన్నారు. తనకి కనబడకుండా, పెట్టెతో మాట్లాడుతూ…

అరుద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడు పెరటివైపు కుక్క మొరిగింది.

భౌ!

ఒక్క రెప్పపాటు… పెట్టెలోంచి, భౌ!

బామ్మర్ది అలాగే ఉండిపోయాడు. కుక్క మళ్ళీ మొరిగింది. ఒక్క రెప్పపాటు ఆగి, పెట్టె కూడా మొరిగింది. దెయ్యం దగ్గితే దగ్గనీ, కుక్కలా మొరగడమేంటి? అదీ, వెనకసందులో కుక్క మొరిగిన ప్రతిసారీ, దాని వెనకాలే?

తీగ లేని గొంతు ఎప్పుడూ ఒక రెప్పపాటు ఆలస్యం.

మైకు ఉన్నది కుక్క దగ్గర! వాడు లేచి వెనకగదిలోకి పరిగెత్తాడు. అట్టపెట్టెల్ని చేత్తోనూ కాలితోనూ తోసేశాడు. తుప్పుపట్టిన గడియ కదల్లేదు. సుత్తి తీసుకుని కొట్టాడు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.

మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కాపలావాళ్ళ ముతక కోటు, ఒళ్ళో టార్చిలైటు, చెవి దగ్గర ఫోను. మెడలో వేలాడుతున్న హెడ్‌సెట్ మీద నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది.

బావ తలెత్తి చూశాడు. బాగా చిక్కిపోయాడు. ఫోన్లో మాత్రం తొణక్కుండా, "ఏం లేదే, కుక్క" అన్నాడు. ఇప్పుడూ వీడి కోసం అబద్ధమే.

"బావా… నువ్విక్కడేంటి?"

"ఎదర గోడౌనుకి రాత్రి కాపలా. ఈ మెట్ల మీదైతే గాలి తగలదు." దగ్గాడు. లోపల పెట్టె కూడా దగ్గింది. బావ ఉలిక్కిపడి లోపలికి చూశాడు, మెడలో హెడ్‌సెట్ చూసుకున్నాడు. "ఓరి దీన్ని తగలెయ్య! రోజూ వేసి చూస్తా, ఫోనుకి కలవకపోతే చెడిపోయిందనుకున్నా… ఒరేయ్, నన్నింకా ఆ పెట్టెలోంచి తీసెయ్యలేదట్రా?"

బామ్మర్ది తల వంచుకున్నాడు. "కలపడమే నేర్పావు బావా. తీసెయ్యడం నేర్పలేదు."

బావ ముతక కోటు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకే కొట్లోనైనా పని…" అని మొదలెట్టి బామ్మర్ది నాలిక కరుచుకున్నాడు. చూపు ఆనదనీ, చెయ్యి వణుకుతుందనీ ఊరంతా టాంటాం వేసింది ఎవరు? ఏ కొట్టువాడు పెట్టుకుంటాడు?

ఫోన్లోంచి అక్క గొంతు. "ఎవరండీ అక్కడ? ఎవరితో మాట్లాడుతున్నారు?"

బావ చేత్తో వద్దని సైగ చేశాడు. బామ్మర్ది వినలేదు. బావ పక్కన మెట్టు మీద కూలబడి, ఫోను లాక్కున్నాడు. వణికింది బావ చెయ్యి కాదు, వాడి చెయ్యి.

"అక్కా, నేను. పెట్టెయ్యకు, వినక్కా… మేష్టారి రేడియో తగలబెట్టింది బావ కాదు, నేను. నా నోటితోనే బావ మీదకి తోసేశాను. బావ చూపుకి ఏ లోటూ లేదు, చేతికి ఏ వణుకూ లేదు. అదంతా నేను పుట్టించిన మాట."

వెనకాల, చీకటి కొట్లోంచి, ఒక రెప్పపాటు ఆలస్యంగా వాడి గొంతే వాడికి వినబడింది. "…అదంతా నేను పుట్టించిన మాట."

అప్పుడు గుర్తొచ్చింది వాడికి. షట్టరుకి అవతల ముగ్గురు చెవులు రిక్కించుకుని నుంచున్నారని. చెప్పిన ప్రతి ముక్కా వాళ్ళు విన్నారని.

సిగ్గుతో వాడి మొహం కాలిపోయింది. అయినా ఫోను చెవి నుంచి తియ్యలేదు.

అప్పుడు అక్క అంది. "పొద్దున్నే మేష్టారింటికెళ్ళి ఈ మాట ఆయన మొహం మీద చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. ఎత్తుతాను."

ముందువైపు తాళం తీస్తున్న చప్పుడైంది. షట్టరు పైకి లేస్తుంటే టీ కొట్టాయన గొంతు వినబడింది. "బామ్మర్దీ… బావని లోపలికి తీసుకురా. పొయ్యి వెలిగిస్తున్నా."

బావ గడప దగ్గర ఆగాడు. కోటు దులుపుకున్నాడు. టార్చి వేసి వెనకగదంతా తేరిపార చూశాడు. వెలుతురు బల్ల మీద ఆగింది.

"ఏంట్రా, నా బల్ల మీద ఈ చెత్త?" అన్నాడు.

ఒక్క రెప్పపాటు ఆగి, ముందుగదిలోని పెట్టె సందంతా వినబడేలా అదే మాట అడిగింది. బామ్మర్ది ఏడుస్తూనే వంగి, అట్టపెట్టెలు తియ్యడం మొదలెట్టాడు.