కారణం కోడ్‌లో లేదు

మిలాడాకు నేను రాసిన మొదటి మెయిల్‌లో రెండే మాటలున్నాయి. "ఇలా వద్దు."

ఆ రోజు అప్పటికే కళ్ళు మండుతున్నాయి. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డులను నడిపే ప్రోగ్రాములకు, అంటే డ్రైవర్లకు, ఎవరు ఏ మార్పు చేసినా, అది ముందు అందరికీ కనబడే మెయిలింగ్ లిస్టులోకి రావాలి. ఎవరో ఒకరు దాన్ని చదివి, తప్పులు పట్టి, చివరికి బాగుందనిపిస్తే కింద తన పేరు పెట్టాలి. ఆ పేరు లేనిదే కోడ్ లోపలికి వెళ్ళదు. ఆ 'ఎవరో ఒకరు' ఎప్పుడూ నేనే. రాసేవాళ్ళు ఊరంతా, చదివేవాడు నేనొక్కడినే. నాకు విసుగు రాక ఏమొస్తుంది?

మర్నాడు పొద్దున చెక్ దేశపు బ్ర్నోలో మా ఆఫీసు కాఫీ గదిలో కప్పు పట్టుకుని నిలబడి ఉంటే, తడిసిన కోటుతో ఒకమ్మాయి దూసుకొచ్చింది.

"ఒటకర్ అంటే ఎవరండీ?"

"నేనే."

"మాటకింతని డబ్బులు కడతారా మీరు?"

"అర్థం కాలేదు."

"అన్ని నెలలు కూర్చుని రాసిన కోడ్‌కి రెండు మాటల జవాబా? పైగా మా ఆఫీసు మీకు ఎదురుగానే! రోడ్డు దాటి వచ్చి, ఎందుకు వద్దో చెప్తే అరిగిపోతారా?"

అప్పుడు తెలిసింది ఆవిడే మిలాడా అని.

"లిస్టులో అడగండి. లిస్టులోనే చెప్తాను."

"మనిషిని ఎదురుగా ఉన్నానండీ!"

"నోటిమాటగా చెప్తే మిగతావాళ్ళకి ఎలా తెలుస్తుంది? అందరి ముందూ అడగాలి, అందరి ముందూ చెప్పాలి. అదీ పద్ధతి."

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "బాబోయ్. మీ ఇంట్లో ఉప్పు కావాలన్నా మెయిల్ పెట్టాలా?"

"ఇంట్లో నేనొక్కడినే."

"ఆశ్చర్యం లేదు," అని నా చేతిలోని కాఫీ లాక్కుని, గటగటా తాగేసి, ఖాళీ కప్పు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె కోడ్ చేసే పని మాత్రం తేలిగ్గానే చెప్పొచ్చు. పెద్ద డేటాను చిన్న ముక్కలుగా కోస్తే తప్ప తీగ మీద పంపలేం. ఆ కోతంతా కంప్యూటరే కూర్చుని కోస్తే దాని ప్రాణం పోతుంది. అందుకని మొత్తం ముద్దను నెట్‌వర్క్ కార్డుకు అప్పజెప్పి, "ఇంత సైజున నువ్వే కోసుకో తల్లీ" అంటాం. మా ఇళ్ళల్లో ఉడికించిన క్నెడ్లిక్ అనే పిండిముద్దను దారంతో బిళ్ళలుగా కోస్తారు, అలాగన్నమాట. సెగ్మెంటేషన్ ఆఫ్‌లోడ్ అని పెద్ద పేరు పెట్టాం గానీ, ఉన్నది అంతే.

పేచీ అంతా ఆమె కార్డుతోనే. ముద్ద అసలే రకరకాల తునకలు అతికించి చేసినది. ఒక్కో ముక్కలో ఎనిమిది తునకలకు మించి పడితే ఆ కార్డు బిగుసుకుపోతుంది. అలా జరగకుండా డ్రైవర్ ముందే లెక్క చూసుకోవాలి.

"లెక్క చూశారా?" అని నేను లిస్టులో రాస్తాను. "చూశాను" అని ఆమె రాస్తుంది. "నాకు నమ్మకం కుదరలేదు" అని నేను. "మీకు ఏది కుదిరింది గనక!" అని ఆమె. ఇదంతా దేశదేశాలవాళ్ళు చదువుతుంటారు.

విచిత్రం ఏమిటంటే, మధ్యాహ్నం పూట మా రెండు ఆఫీసులకూ కలిపి ఉన్నది ఒకటే క్యాంటీన్. ఆమె కోడ్ సవరించి రెండో వెర్షన్ పంపిన రోజు ఖాళీ కుర్చీ నా ఎదురుగా ఒక్కటే ఉంది.

"కూర్చోవచ్చా? కోడ్ మాట ఎత్తనులెండి."

"అయితే కూర్చోండి."

అలా మొదలైంది. భోజనం దగ్గర వాళ్ళమ్మ గురించి, హీటర్ బాగుచేయించని ఇంటాయన గురించి, నా నడుం నొప్పి గురించి మాట్లాడుకునేవాళ్ళం. బల్ల దగ్గర ఉప్పు అందించుకుని, సాయంత్రానికి ప్రపంచమంతా చూస్తుండగా జుట్టూజుట్టూ పట్టుకునేవాళ్ళం. మూడో వెర్షన్ వద్దన్నాను. నాలుగోదీ అంతే. ఐదోది వద్దన్న రోజు ఆమె సూప్ ముట్టుకోలేదు.

"ఆదివారంతో కొత్త కోడ్ తీసుకోవడం ఆపేస్తారు కదా," అంది గిన్నెలోకి చూస్తూ. "ఆ తర్వాత మళ్ళీ విడతకే. అప్పటిదాకా మావాళ్ళు ఆగరండీ. ఉన్నదే నలుగురం. ఈసారి లోపలికి వెళ్ళకపోతే కార్డే ఆపేస్తామన్నారు. నా పనంతా చెత్తబుట్టలోకే."

"సూప్ చల్లారిపోతుంది," అన్నాను. నోట్లో నాలుక లేనివాడినని నన్ను ఊరికే అనరు.

గురువారం సాయంత్రం మిలాడా ఆరో వెర్షన్ పంపేసి, నేనున్న ట్రామే ఎక్కింది. బయట ఒకటే వాన. నా పక్క సీట్లో కూలబడి, తడి జుట్టు వెనక్కి తోసుకుంది. కళ్ళకింద నల్లటి చారలు. వారమంతా సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

"అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుంటాను. నా స్టాపు వస్తే లేపండి."

"ఏ స్టాపు?"

అప్పటికే ఆమె తల నా భుజం మీద వాలిపోయింది.

లేపాల్సిందే. లేపబోయాను కూడా. కానీ అంత అలసటగా ఉన్న మనిషిని లేపడానికి చెయ్యి రాలేదు. కిటికీ మీద వాన జారుతోంది. నా స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. భుజం తిమ్మిరెక్కింది. ఆ తిమ్మిరి కూడా బాగానే ఉందనిపించింది, చెప్పుకుంటే సిగ్గు. చివరి స్టాపులో డ్రైవర్ "దిగండమ్మా, దిగండి!" అని అరిస్తే గానీ ఆమెకు మెలకువ రాలేదు.

"అయ్యో, లీషెన్‌దాకా వచ్చేశామా! ఎందుకు లేపలేదండీ?"

"మీ స్టాపు ఏదో చెప్పలేదు."

"అడగొచ్చుగా!"

"అప్పటికే నిద్రపోయారు."

"లిస్టులో అడగాల్సింది," అని పకపకా నవ్వింది. "పోనీలెండి, మా అమ్మ ఇల్లు ఇక్కడే. ఈ పూటకి అక్కడే పడుకుంటా." వానలో పరిగెత్తుతూ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపింది. నేను తిరుగు ట్రామ్‌లో ఇంటికొచ్చాను. ఎంత అలసిపోయినా నిద్ర పట్టలేదు.

శుక్రవారం పొద్దున ఆరో వెర్షన్ తెరిచాను. మొదటి పేజీ బాగుంది. రెండోదీ బాగుంది. లెక్క చూసే చోటుకి వచ్చాను, అదీ బాగుంది. పేర్లు బాగున్నాయి, ఖాళీ లైన్లు కూడా ముచ్చటగా ఉన్నాయి.

అక్కడ ఆగిపోయాను. ఇన్నేళ్ళలో నాకు ఏ కోడూ మొదటి చదువులో నచ్చలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు, అది సరే. పక్కింటి కాకికి కూడా ముద్దొచ్చిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. ఈ అమ్మాయంటే నాకు ఇష్టం. కోడ్ బాగుందా, మనిషి బాగుందా అన్నది ఇక నేను తేల్చలేను. తేల్చలేనివాడు పేరు పెట్టకూడదు.

లిస్టులో రాసేశాను. "ఈ డ్రైవర్‌ను నేను ఇకమీదట రివ్యూ చేయలేను. నా పేరు పెట్టవద్దు. కారణం కోడ్‌లో లేదు. దయచేసి ఇంకెవరైనా చూడండి."

ఫిన్లాండ్‌లో టాపియో అనే పెద్దాయన ఉన్నాడు. ఈ విభాగానికి వచ్చే కోడ్ అంతా చివరికి ఆయన చేతిమీదుగానే లోపలికి వెళ్తుంది. ఏ మెయిలూ ఒక లైను దాటదు. వెంటనే జవాబు ఇచ్చాడు. "కోడ్‌లో లేకపోతే ఎక్కడుంది?"

ఆ వెనకే మిలాడా వచ్చింది. తలుపు దబాలున తెరుచుకుంది.

"నువ్వసలు మనిషివేనా?" మర్యాదలు పోయాయి. "ఎల్లుండి ఆదివారం! నా కోడ్ తెలిసినవాడివి నువ్వొక్కడివి. ఇప్పుడా చేతులెత్తేసేది? నేను నిన్నేదో చేశాననుకుంటున్నారు అందరూ. ఏంటా కారణం?"

"లిస్టులో..."

"లిస్టు పేరెత్తావంటే ఈ కప్పు నెత్తిన పడుతుంది. నోటితో చెప్పు!"

"నిన్న ట్రామ్‌లో మీరు నిద్రపోయారు."

"అయితే?"

"పొద్దున మీ కోడ్ చదివాను. అంతా నచ్చింది."

"అయితే ఇంకేంటి!"

"నాకు ఎప్పుడూ అంతా నచ్చదు, మిలాడా. కోడ్ చదువుతుంటే మీరే కనబడుతున్నారు. అలాంటప్పుడు సంతకం పెడితే అది రివ్యూ కాదు."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అది కోపమో కాదో నాకు తెలియలేదు.

"నీ ప్రేమ తగలెయ్య," అంది మెల్లగా. "ఆదివారందాకా ఆగలేకపోయిందా అది?" కుర్చీలో కూలబడింది. "ఆకలేస్తోంది. పద."

క్యాంటీన్‌లో ఎదురెదురుగా కూర్చున్నాం. గ్రేవీలో క్నెడ్లిక్ బిళ్ళలు. ఆమె తినకుండా ఒక బిళ్ళను తునకలు తునకలుగా తుంచి, పళ్ళెం అంచున వరసగా పేరుస్తోంది. ఇంతలో ఆమె ఫోన్‌లో లిస్టు మెయిల్ వచ్చింది. టాపియో. "ఆరోది నేను చూశాను. బాగానే ఉంది. సాయంత్రం తీసుకుంటాను."

"చూశావా? ఆయనకి నచ్చింది!" ముఖం వెలిగిపోయింది. ఆ ఊపులో కత్తి తీసి తునకల వరసను అడ్డంగా కోసింది. కత్తి ఒక తునక మధ్యలోంచి దిగింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నేనూ చూశాను.

"ఒటకర్, ఈ తెగిన తునక ఎవరి లెక్కలోది? ఇటు ముక్కదా, అటు ముక్కదా?"

"రెండింటిదీ."

"నేను ఒక్కసారే లెక్కపెట్టాను." వేలితో తునకలు మళ్ళీ లెక్కపెట్టింది. "ఇటు ఎనిమిది సరిపోయాయి. అటు తొమ్మిదవుతాయి. కార్డు బిగుసుకుపోతుంది."

ఇన్ని వెర్షన్లుగా నమ్మకం కుదరలేదంటూనే ఉన్నాను గానీ, ఎక్కడో నాకే అందలేదు. తీరా కంటికి కనబడాల్సిన రోజు నాకు అన్నీ ముద్దొచ్చాయి.

ఆమె ఫోన్ బోర్లించి బల్లమీద పెట్టింది. "నోరు మూసుకుంటే సాయంత్రానికి లోపలికి వెళ్ళిపోతుంది."

"వెళ్ళిపోతుంది."

"చెప్తే ఏడో వెర్షన్ రాయాలి. రాసింది మళ్ళీ పరీక్షించాలి. అందకపోతే అంతా పోతుంది."

"అవును."

"నేను చెప్పకపోతే నువ్వు చెప్తావు కదూ?"

"చెప్తాను. ఆ తర్వాత మీరు నా మొహం చూడకపోయినా చెప్తాను." పళ్ళెం పక్కకి జరిపాను. "కానీ మీరే చెప్తే బాగుంటుంది."

ఆమె ఫోన్ తీసి, గ్రేవీ అంటిన వేలితోనే రాసింది. "ఆరో వెర్షన్ తీసుకోవద్దు. లెక్క తప్పాను. ఏడోది పంపుతాను." ఆ తొమ్మిదో తునక నోట్లో వేసుకుని, "ఇక లేస్తాను," అని వెళ్ళిపోయింది.

శనివారమంతా ఆమె ఆఫీసు కిటికీలో దీపం వెలుగుతూనే ఉంది. నేను రోడ్డు దాటి రొట్టె, కాఫీ ఇచ్చి వచ్చాను. కంప్యూటర్ తెర వైపు చూడలేదు. ఏడో వెర్షన్ పంపిందని తెలిసింది గానీ, అదీ తెరవలేదు. చదవనన్నాక చదవకూడదు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ భోజనానికి పిలిచింది. ఆవిడ వేడి ముద్దను దారంతో కోస్తూ తలెత్తి చూసింది.

"నువ్వేనా బాబూ, మా పిల్లకి అయిదుసార్లు వద్దన్నది?"

"అవునండీ."

"మరి ఏడోసారి?"

"ఏడోసారి నేను చూడకూడదండీ."

"ఎందుకో?"

మిలాడా గరిటె కింద పెట్టింది. "ఆగమ్మా, నేను రాశాను ఎందుకో," అని ఫోన్ నా ముందుకు తోసింది. ఏడో వెర్షన్‌తో పంపిన మెయిల్‌లో, మార్పులన్నీ వివరించాక, చివర ఒక లైను ఉంది. "కారణం ఎక్కడుందని అడిగారు కదా, టాపియో. ఒటకర్ కారణమే నాదీనూ."

అందరి ముందూ చెప్పింది. నేను ఆ లైను మళ్ళీ మళ్ళీ చదివాను. కింద టాపియో జవాబు అప్పుడే వచ్చింది. ఎప్పటిలా ఒక్క లైనే. "రెండు కారణాలూ సరైనవే, నా పేరు పెట్టి కోడ్ తీసుకున్నాను."

మిలాడా ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. వాళ్ళమ్మ కంగారుపడింది. "ఏమైందే, మళ్ళీ వద్దన్నారా?"

"లేదమ్మా, తీసుకున్నారు."

"తీసుకుంటే ఏడుపెందుకే, పిచ్చి మొహమా! నువ్వు తిను బాబూ, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో," అంటూ నా పళ్ళెంలో ఇంకో రెండు బిళ్ళలు వేసింది.

సాయంత్రం తిరుగు ట్రామ్‌లో పక్కపక్కనే కూర్చున్నాం. మళ్ళీ వానే. వారం అలసటంతా ఒక్కసారి మీద పడింది. ఈసారి తల వాల్చింది నేను.

"అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుంటాను, మిలాడా. నా స్టాపు వస్తే లేపు."

"ముందు ఏ స్టాపో చెప్పు."

చెప్పలేదు.