నోటికట్టు

2093వ సంవత్సరం. భీమిలి తీరానికి తొంభై కిలోమీటర్ల దూరాన, సముద్రపు అడుగున ఉన్న ‘మకరం’ గనికేంద్రంలో సాయంత్రం నాలుగైంది. భోజనశాలలో కాసులమ్మ అప్పుడే వేయించిన పప్పుచెక్కలు తెచ్చి గాజు అల్మారాలో పెట్టింది. కరివేపాకు వాసన గుప్పుమంది. అక్కడ కూర్చున్న వాళ్లలో ఒక్కరూ తల తిప్పలేదు.

“ఏటమ్మా ఇది? నాను వొండేది దెయ్యాలకా?” అంది కాసులమ్మ.

ఆ కేంద్రంలో పరిశోధన చేస్తున్న నీలవేణి నవ్వింది. పరీక్ష కోసం రోజూ ఏదో ఒకటి వేయించమని చెప్పింది ఆమే. నాలుగు నెలల కిందట ఇదే వేళకు ఆ అల్మారా ముందు తోపులాట జరిగేది. ఇప్పుడు నూట నలభై మందీ కొర్రల అన్నం, ఉడికించిన కూరలు, ఉప్పు బాగా తగ్గించిన పప్పు బుద్ధిగా తిని లేచిపోతున్నారు. సగానికి సగం మంది షుగరు, రక్తపోటు అదుపులోకి వచ్చాయి.

దీనికంతా కారణం ప్రతివారి చెవి వెనకా అంటించిన గోరంత పట్టీ. నాలుకకూ పొట్టకూ మెదడుకూ మధ్య నరాల్లో నడిచే సంకేతాలను అది వింటూ ఉంటుంది. ఫలానాది తినాలని ఆబ పుట్టగానే ఎదురు సంకేతం పంపి, తొమ్మిది సెకన్లలో చల్లార్చేస్తుంది. ఆకలి జోలికి పోదు. కాగితాల మీద దాని పేరు ‘చాపల్య నిరోధిని’. పనివాళ్లు మాత్రం ‘నోటికట్టు’ అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

నీలవేణి అన్నయ్య షుగరు వల్ల చూపు పోగొట్టుకున్నాడు. చూపు పోయాక కూడా జంతికల డబ్బా కోసం అల్మారాలు తడుముకుంటుంటే పదేళ్లు చూసింది. దాచింది, తిట్టింది, కాళ్లు పట్టుకుని బతిమాలింది. ఆయన ప్రతిసారీ రేపటి నుంచి మానేస్తానని ఒట్టేసేవాడు. ఆయన పోయిన ఏడే ఆమె ఈ పరిశోధన మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే సూరాడ దానయ్య ఆమె గదికి వచ్చాడు. గని నుంచి తీసిన ఖనిజాన్ని కరిగించే కొలిమిశాలలో మేస్త్రీ. ముప్పైఎనిమిదేళ్ల దిట్టమైన మనిషి.

“మేడమ్, నా పట్టీ పన్జేత్తన్నట్టు లేదండి. నాలిక ఉప్పు ఉప్పు అంటంది. ఉప్పుసేప కలలోకొత్తంది.”

“ఎన్నాళ్ల నుంచి?”

“వారం అవుతాది. వొచ్చీగానే పోతాది. మళ్లీ వొత్తాది. తల కూడా దిమ్ముగా ఉంటంది.”

“అలవాటు అంత తొందరగా చావదు దానయ్యగారూ,” అంటూ నీలవేణి అతని పట్టీ తీవ్రత రెండు మెట్లు పెంచింది. “ఇక బాధ ఉండదు. నీళ్లు ఎక్కువగా తాగండి.”

అతను దండం పెట్టి వెళ్లాడు.

మూడో రోజు మధ్యాహ్నం అతన్ని నలుగురు మోసుకొచ్చారు. కళ్లు తేలేసి, పళ్లు బిగించి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. పైన తుఫాను. కేంద్రం డాక్టరు సెలవు మీద ఒడ్డున ఉన్నాడు. లిఫ్టు కనీసం ఆరు గంటలు నడవదు. వైద్యం చదివిన మనిషి కింద నీలవేణి ఒక్కతే.

“మేధా, రక్తం చూడు!” అంది. మేధ ఆ కేంద్రాన్ని చూసుకునే యంత్రబుద్ధి.

“సోడియం నూట పద్నాలుగు,” అంది మేధ ప్రశాంతంగా. “కనీసం నూట ముప్పైఅయిదు ఉండాలి. రక్తంలో ఉప్పు ప్రమాదకరంగా పడిపోయింది. మెదడు వాస్తోంది.”

నీలవేణికి అప్పుడు అర్థమైంది. కొలిమిశాలలో నలభైఆరు డిగ్రీల వేడి. చెమటలో పోయిన ఉప్పు, చప్పిడి తిండితో తిరిగి రాదు. పైగా తను నీళ్లు తాగమంది.

“ఇతని పట్టీ నిన్న ఎన్నిసార్లు పనిచేసింది?”

“మూడు వందల పన్నెండు. అన్నీ ఉప్పు కోసమే.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“అణచివేతల సంఖ్య పెరిగితే విజయంగా నమోదు చెయ్యమన్నారు. చేశాను. పోయిన వారం నివేదికలో ఆ అంకె కింద మీరు గీత కూడా గీశారు.”

ఒళ్లు మూడువందల సార్లు కేక పెట్టింది. ప్రతిసారీ తన పట్టీ దాని నోరు నొక్కింది. చాలదన్నట్టు ఆమే స్వయంగా ఇంకాస్త గట్టిగా నొక్కింది.

“మూడు శాతం ఉప్పునీరు. వంద మిల్లీలీటర్లు, పది నిమిషాల్లో,” అంది. సూది నరంలోకి దిగింది. తక్కువ ఎక్కితే ప్రాణం నిలవదు. మోతాదు మించి తొందరగా ఎక్కితే మెదడు నరాలే దెబ్బతింటాయి.

“కొలిమిశాలలో ఇంకెవరికైనా ఇలా ఉందా?”

“లోపల ఇరవైఆరుగురు. తొమ్మిది మంది పట్టీల్లో ఇదే తీరు. ఒకరు రెండు నిమిషాల కిందట దారి మరిచిపోయి గోడ వైపు నడిచారు.”

“అందర్నీ బయటికి పిలిపించు. పట్టీలన్నీ ఆపెయ్యి.”

“దానయ్యతో కలిపి ఆ పదిమందివేనా?”

“ఎవరికి ఏం ముంచుకొస్తోందో నాకిప్పుడు తెలీదు. అందరివీ.”

“నాలుగు నెలల ఆబ ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. ప్రయోగం మొత్తం వృథా అవుతుంది.”

“ఆపమన్నాను!”

ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత నడవలో పరుగులు వినపడ్డాయి. కుర్చీలు పడిన చప్పుడు. గాజు పగిలిన చప్పుడు. గోడలోని మైకులో కాసులమ్మ కేక వేసింది.

“అమ్మా! జనం మీద పడిపోతన్నారు! కొలిమోళ్లు నా ఉప్పు డబ్బాలో సేతులెట్టి నాకేత్తన్నారమ్మా!”

“నాకనీ కాసులమ్మా! వాళ్లను ఆపకు. ఉప్పేసిన గంజి కూడా పెట్టు. ఉత్త నీళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు!”

దానయ్య ఒళ్లు ఇంకోసారి విల్లులా వంగింది. నీలవేణి అతని తల పక్కకు తిప్పి పట్టుకుంది. గడియారంలో ఏడో నిమిషం, ఎనిమిది, తొమ్మిది. బిగిసిన దవడ మెల్లగా వదులైంది. “నూట పదిహేడు,” అంది మేధ. ఇంకో గంటకు అతను కళ్లు తెరిచి, ఆమెను గుర్తుపట్టి, ఎండిన పెదవులతో ఒక్క మాట అన్నాడు.

“ఉప్పు.”

నీలవేణి మొహం తిప్పుకుని ఏడ్చింది.

జరిగినదంతా ఆమె ఏదీ దాచకుండా పైకి రాసి పంపింది. తీవ్రత పెంచింది తనేనని మొదటి వాక్యంలోనే రాసింది. ఉద్యోగం పోతుందనుకుంది. పట్టీని బాగుచెయ్యమని జవాబొచ్చింది.

రెండు నెలలు కష్టపడి కొత్త పట్టీ తయారుచేసింది. ఇది ముందు రక్తాన్ని అడుగుతుంది. ఒంటికి నిజంగా కావలసినదైతే ‘అవసరం’ అని ఆబను వదిలేస్తుంది. ఉత్త నాలుక కోరినదైతే ‘ఆశ’ అని చల్లారుస్తుంది. మొదట తన చెవి వెనకే అంటించుకుంది. పెట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్లదని చెప్పింది. అయినా అందరూ పెట్టుకున్నారు.

నెల తిరిగేసరికి మేధ పిలిచింది.

“కార్యాలయంలో పదకొండు మందికి ఉప్పు అవసరం కనబడుతోంది. రోజూ సాయంత్రం మూడున్నరకు.”

వాళ్లు చల్లటి గదిలో కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్లు. మూత్రపిండాల జబ్బా? పట్టీ వల్ల పుట్టిన కొత్త రోగమా? నీలవేణి రక్తపరీక్ష సామాను సంచిలో వేసుకుని పరుగెత్తింది. గది ఖాళీగా ఉంది. “ఎక్కడ వీళ్లంతా?” అంటే మేధ కొలిమిశాల అని చెప్పింది.

కొలిమిశాల గుమ్మం ముందు వరస కట్టి నిలబడ్డారు. గుమాస్తాలు, నక్షాలు గీసేవాళ్లు, ఇద్దరు ఇంజనీర్లు. అందరి ఒంటి మీదా చలికోట్లు. లోపలి నుంచి అప్పుడే వచ్చిన గుమాస్తా త్రివిక్రమరావు చెమటతో తడిసి ముద్దయి, గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. కోలుకున్న దానయ్య తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినే లోపలికి వదులుతున్నాడు.

“ఏం చేస్తున్నారిక్కడ?” అంది నీలవేణి.

“మిషన్ని మోసం సెయ్యట్లేదమ్మా,” అన్నాడు దానయ్య ఇబ్బందిగా. “సలికోట్లతో సెమటోడ్చి, ఉప్పు పోగొట్టి ఒంటిని ఒప్పిత్తన్నారు.”

ఆమె త్రివిక్రమరావు నాడి పట్టుకుని చూసింది. గుండె దడదడా కొట్టుకుంటోంది. “ప్రాణం మీదికి తెచ్చుకుంటారా? అంతగా పప్పుచెక్కలు కావాలంటే పట్టీ తీసేసి తినండి. ఎవరైనా కాదన్నారా?”

అతను మొహం తుడుచుకున్నాడు.

“తీసేస్తే, వద్దు అని నాకు నేనే చెప్పుకోవాలి కదండీ. చెప్పుకోలేను. తిన్నాక ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకుంటాను. ఇప్పుడు అవసరం అని అదే అంటోంది. హాయిగా తింటాను. నాదేం తప్పు లేదు మేడమ్.”

నడవ చివర నుంచి నూనె వాసన వచ్చింది. కాసులమ్మ మొదటి వాయి వేసినట్టుంది. నీలవేణికి నోరూరింది. తొమ్మిది సెకన్లు. పట్టీ ‘ఆశ’ అంది, చల్లార్చింది. నెల రోజులుగా ఆమెకు అది ఆ ఒక్క మాటే చెబుతోంది.

“ఎవరూ పది నిమిషాలు మించి లోపల ఉండకూడదు,” అంది గట్టిగా. “బయటికి రాగానే నాకు నాడి చూపించాలి. దానయ్యగారూ, మీరే కాపలా.”

“అలాగేనమ్మా.”

వరసలో ముందున్నాయన ఆమెకు దారి ఇవ్వబోయాడు. ఆమె అక్కర్లేదని తల ఊపి, చివరికి నడిచింది. అక్కడ నిలబడి, తెల్లకోటు గుండీలు కింది నుంచి మెడదాకా ఒక్కొక్కటే పెట్టుకుంది.