పదకొండో క్యాసెట్టు

తెనాలి మార్కెట్ వీధిలో నాదీ దావీదుదీ ఎదురెదురు క్యాసెట్ల షాపులు. తొంభై ఒకటి నాటి మాట. ప్రతి శుక్రవారం బెజవాడ నుంచి కొత్త క్యాసెట్లు ఇద్దరికీ ఒకే బస్సులో వచ్చేవి. జనం మాత్రం అతని షాపుకే పోయేవాళ్ళు.

కారణం అతని గొంతు. వచ్చినవన్నీ రెండు వైపులా విని, ఏది బాగుందో తన గొంతుతోనే రికార్డు చేసి, మధ్యలో పాట ముక్కలు కలిపి, సాయంత్రం స్పీకర్లో వీధంతా వినిపించేవాడు. "రెండో వైపు మూడో పాట వినండి. మొదటి వైపు వినకపోయినా నష్టం లేదు" అనేవాడు. రేపల్లె నుంచి వచ్చినవాళ్ళు కూడా ఆ మాట విన్నాకే కొనేవాళ్ళు.

నేనూ అలాగే రికార్డు చేసి వినిపించాను. శ్యామలాంబ టీచరుగారు నా షాపు మెట్ల మీదే నిలబడి, "సాంబశివరావు గారూ, దీని గురించి దావీదు ఏమన్నాడండి?" అని నన్నే అడిగారు. అబద్ధమెందుకు, వాడు పోతే బాగుండుననుకున్నాను.

పోయాడు. పచ్చకామెర్లు. ఇరవై రోజులు కూడా పట్టలేదు.

అతని షాపు సామానంతా నేనే తీసుకున్నాను. వారం తర్వాత దావీదు భార్య ప్రేమకుమారి వచ్చింది.

"అన్నయ్యా, ఆయన గొంతున్న క్యాసెట్టు ఒక్కటుంటే ఇవ్వండి. ఇంట్లో ఒక్కటీ లేదు."

పదకొండు ఉన్నాయి, నా బల్ల సొరుగులో.

"లేవమ్మా. పాతవి చెరిపేసేవాడుగా" అన్నాను.

చచ్చాక కూడా ఆ గొంతు ఎవరి చెవినా పడకూడదని నా పంతం.

వాటి మీద మళ్ళీ ఏదీ రికార్డు కాకుండా, క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని దావీదు జాగ్రత్తగా విరిచేశాడు. ఆ గుంటల్లో కాగితం కుక్కి, ఒక్కొక్కదాని మీదా నా గొంతు ఎక్కించాను. పదకొండోది పూర్తయిన రోజున కడుపునిండా అన్నం తిన్నాను.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నమే మబ్బు కమ్మి షాపులో చీకటి పడింది. వాన మొదలైంది. వీధిలో మనిషి లేడు. ఎక్కడినుంచో తడిసిన గోనెసంచుల వాసన వస్తోంది. నా గొంతు ఎలా వచ్చిందో విందామని పదకొండోది పెట్టాను.

"నమస్కారమండి. ఈ వారం కొత్తగా వచ్చినవి..." నా గొంతే. బాగానే ఉంది.

దాని అడుగున ఎవరో ఊపిరి పీల్చారు.

సరిగా చెరగలేదేమోననుకున్నాను. ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత మెల్లగా...

"అది కాదండి."

గబుక్కున స్టాప్ నొక్కాను. చక్రాలు ఆగాయి.

"రెండో వైపు... మూడో పాట వినండి."

తల పైకెత్తాను. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు ఎప్పుడు పోయిందో తెలీదు. నోట్లో తడి ఆరిపోయింది. గంట సేపు మాట్లాడినట్టు గొంతు నొప్పి.

పెదవుల మీద వేలు పెట్టుకున్నాను.

కదులుతున్నాయి.

మెట్ల దగ్గర గొడుగు ముడిచిన చప్పుడు. ప్రేమకుమారి. కొంగు తడిసి ఒంటికి అతుక్కుంది. నా మొహంలోకే చూస్తోంది.

"ఎప్పుడొచ్చారు?" అంది గుసగుసగా.

నేను సాంబశివరావునమ్మా, అని చెప్పాలనుకున్నాను.

"పొద్దున్నే" అంది నా నోరు.

"భోంచేశారా?"

"ఇంకా లేదు... బుల్లీ."

ఆమె మెట్టు మీద కూలబడిపోయింది. "ఆ పేరు ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు" అంది. మరి నాకెవరు చెప్పారు? ఆమె ఏడుస్తూ నవ్వుతోంది.

"మాట్లాడండి... ఇంకా ఏమన్నా మాట్లాడండి."

రెండు చేతులతో నోరు మూసుకున్నాను. పళ్ళు బిగించాను. పెదవులు చిట్లి నెత్తురు ఉప్పగా తగిలింది. ఇప్పుడు కదలడం లేదు. నాకు బాగా తెలుస్తోంది, కదలడం లేదు...

"లోపలికొచ్చి కూర్చో బుల్లీ" అంటోంది దావీదు గొంతు. "వాన తగ్గాక వెళ్దువుగాని."