ఈత వచ్చిన రాణి, ఈత రాని సత్తమ్మ

ఏప్రిల్ ఆదివారం. సూర్యాపేటలో పొద్దున ఎనిమిదింటికే ఎండ చిటపటలాడుతుంటే, సత్తమ్మ ఎనిమిదేళ్ల మనవరాలికి మంకీ టోపీ తొడిగింది.

“గిదేంది అత్తమ్మా? పోయేది చెరువుకు, మంచుకొండకు కాదు!” అంది కోడలు కరుణ.

“పొల్లకు జలుబు. నీళ్లల్ల దిగొద్దు. తుమ్మంగ నా చెవుల్తోని ఇన్న.”

“నేను తుమ్మలే నాయినమ్మా!” టోపీలోంచి మౌనిక గొంతు.

“నిద్రల తుమ్మినవ్. నీకేమెరుక?”

పిల్లకు జలుబు లేదు, పెద్దావిడకే దిగులు. మౌనిక తల్లిదండ్రులిద్దరికీ ఉద్యోగాలు కావడంతో, పాలు మరిచిన నాటి నుంచి పిల్ల సత్తమ్మ కొంగు పట్టుకునే పెరిగింది. ఇప్పుడు కోదాడలో ఉండే అమ్మమ్మ రాణి, జూన్ నుంచి పిల్లను తన దగ్గరే ఉంచుకుని చదివిస్తానని అడిగింది. సత్తమ్మ కొడుకు సాయికుమార్ తెలివిగా, “ఆదివారం అందరం చెరువుకు పోదాం. సాయంత్రం మౌనికే చెప్తది” అని తీర్పును పిల్ల నెత్తిన పెట్టాడు.

కోదాడ దగ్గరి ఆ చెరువు ఒడ్డున ఈమధ్యే లారీల కొద్దీ ఇసుక పోసి, ‘బీచ్’ అని బోర్డు పెట్టారు. సముద్రం లేని జిల్లాకు అదే సముద్రం. రాణి పంజాబీ డ్రెస్సులో దిగి, నాలుగు బారలకే, లోతుకు హద్దుగా కట్టిన తాడు దాకా వెళ్లి వచ్చింది. సాగర్ కాలువ గట్టున పుట్టిన మనిషి. తుంగతుర్తి వైపు మెట్ట పల్లెలో పుట్టిన సత్తమ్మకు సత్తా ఉంది గానీ ఈత రాదు.

మౌనిక టోపీ విసిరేసి పరుగెత్తింది. అరగంటలో అమ్మమ్మ అరచేతుల మీద చేపపిల్లలా తేలుతోంది. కొడుకూ కోడలూ టీ కోసం వెళ్తే, టిఫిన్ క్యారియర్ పక్కన ఒక్కతే కూర్చున్న సత్తమ్మకు ఎదురుగా చెరువెడు నీళ్లు, కడుపులో కొలిమంత మంట.

“నాయినమ్మా! నేను కోదాడల్నే ఉంట! అమ్మమ్మ ఈత నేర్పుతదంట!” అంటూ మౌనిక ఒడ్డుకు పరుగెత్తుకొచ్చింది.

సత్తమ్మ లేచింది. “ఈతేనా? గదేమన్న బ్రహ్మవిద్యా? నాకు రాదా ఏంది!”

ఆమె నీళ్లలో దిగిందంటే అది పొరుగూళ్లకు కూలికెళ్లి వేసిన వరి నాట్లకే. అదే అలవాటున చీర మోకాళ్ల పైకి దోపి, కాలు అదిమి అదిమి నడిచింది. మడిలో ఎటు నడిచినా లోతు ఒకటే. చెరువుకు ఆ మర్యాద తెలియదు. నాలుగో అడుగుకు నడుము మునిగింది. ఐదో అడుగుకు సత్తమ్మే మునిగింది.

రాణి ఆమె కొప్పు పట్టుకుని ఒడ్డుకు లాగింది. “ఏంది వదినా ఈ మొండితనం! ప్రాణం పోయేది!”

“పోతే పోనియ్, పిల్ల నీకే దక్కుతది!” దగ్గుతూనే అరిచింది సత్తమ్మ. “నీకు కాలువుండె, ఈతొచ్చె. మా ఊర్ల బిందెడు నీళ్లకు పొద్దంత బోరింగు కాడ నిలబడ్డ. తాగనీకె లేని నీళ్లల్ల ఈతెట్ల నేర్సుకుంట వదినె? దానికియ్యనీకె నా దగ్గరేమున్నది?”

రాణి తడి ఇసుకలో కూలబడింది.

“నీ దగ్గరేముందా? పిల్ల నా దగ్గరికొచ్చినప్పుడు పప్పు చేస్తే ‘నాయినమ్మ పప్పు గిట్లుండదు’ అని గిన్నె నెట్టుద్ది. కథ చెప్తే ‘నాయినమ్మ గిట్ల చెప్పదు’ అంటది. జ్వరమొస్తే కలవరించేది నిన్ను. నిన్ను చూస్తే నాకు ఎనిమిదేళ్లుగా కుళ్లే వదినా. నాకున్నది ఈ ఈతొక్కటే. దాంతోనన్నా లాక్కుందామనుకున్నా.” మాట పూర్తికాకుండానే ఆమె ఏడ్చేసింది.

సత్తమ్మ ఆమెను తేరిపార చూసింది. తన కంట్లో ఎనిమిదేళ్లుగా నలుసైన మనిషి కంట్లో తానూ నలుసేనా? చిన్నగా జరిగి వచ్చి, తడి కొంగునే పిండి రాణి ముఖం తుడిచింది.

“ఇగ సాలు. నువ్వేడిస్తే చెరువు నిండి మత్తడి దుంకుతది. బడి నా కాడ, సెలవులన్నీ నీ కాడ. ఏమే మౌనికా?”

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసి తలూపింది.

“సెలవులకు నువ్వు కూడా రావాలి,” అంది రాణి.

“నేనొచ్చి ఏం జెయ్యాలె?”

రాణి ఆమె చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిపించింది.

కాసేపటికి సత్తమ్మ వెల్లకిలా, వియ్యపురాలి అరచేతుల మీద, కర్రలా బిగుసుకుని ఉంది. కళ్ల చివర్ల నుంచి కారేవి చెరువు నీళ్లో, ఆమెవో.

“చెయ్యి తియ్యకు వదినె.”

“తియ్యను వదినా.”

మోకాలి లోతులో నడుము మీద చేతులు పెట్టుకున్న మౌనిక ముఖం మాడిపోయింది. “అమ్మమ్మా! మరి నాకూ?”

ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే సత్తమ్మ అంది:

“జర ఆగు బిడ్డా. ముందు నా వంతు కానియ్.”